రేవుకా, కోటకా

“ఆ బల్ల జోలికొచ్చిన చెయ్యి మళ్ళీ అన్నంలోకి వెళ్ళదు, చెబుతున్నాను!”

సూదమ్మ అరుపుకి, బల్లకి చెరో కొసా పట్టుకున్న లారీ మనుషులిద్దరూ దాన్ని గభాల్న దించేశారు. అందులో లావుపాటాయన బొటనవేలు బల్ల కోడు కింద పడింది. పాపం, గట్టిగా అబ్బా అనడానికి కూడా ఆయనకి ధైర్యం చాల్లేదు.

“మాకేం తెలుసమ్మా? కింద ఆ పెద్దావిడ ఎక్కించమన్నారు,” అన్నాడు రెండో ఆయన.

“ఏ ఊరికి?”

“రేవుకి.”

“రేవుకని ఎవరు తేల్చారు?”

ఆ ప్రశ్న తమది కాదని లారీ మనుషులకి తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, టీ తాగొస్తామని గొణుగుతూ మెట్లు దిగిపోయారు. సూదమ్మ వెళ్ళి ఆ బల్ల మీద ఎక్కి కూచుంది. బట్టలు కోసే బల్ల మీద ఎవరూ కూచోకూడదని ఆ ఇంట్లో కట్టడి. ఆ కట్టడి పెట్టింది మొగుడు. ఇవాళ ఆవిడ కావాలనే కూచుంది.

మెట్ల మీంచి ముందు ఆయాసం వినబడింది, తర్వాత ఆడపడుచు కనబడింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఈవిడ విషయంలో ఆ లెక్క కూడా తక్కువే, ముప్పాతిక మొగుడు. రేవులో ఆవిడ భర్తకి ఓడల్లో పనిచేసేవాళ్ళకి దుస్తులు కుట్టించే కార్ఖానా ఉంది. ఆ కార్ఖానాకి తమ్ముణ్ణి పట్టుకుపోవాలని నిన్న పొద్దున్నే దిగింది. దిగిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో పెట్టెలు అవే సర్దుకుంటున్నాయి.

“ఏంటమ్మాయ్, పనివాళ్ళ మీద విరుచుకుపడ్డావట?”

“లారీ ఎందుకొచ్చింది వదినా?”

“సామానెక్కించుకోడానికి. లారీ ఇంకెందుకొస్తుంది, షికారుకా?”

“ఎక్కడికెళ్ళేదీ తేలలేదు కదా. డాక్టరుగారి కోటు అయ్యాక ముగ్గురం కూచుని మాట్లాడుకుందాం అనుకున్నాం. అది ఇంకా కాలేదు. ముక్కలు లోపల మిషను మీద అలాగే ఉన్నాయి.”

“కోటుదేముంది, రేపు కుట్టచ్చు. లారీ మాత్రం ఇవాళే దొరికింది.” ఆడపడుచు కుర్చీ లాక్కుని కూచుని మొహానికి విసురుకుంది. “గోడ మీద ఎర్రగుర్తు చూశావా లేదా? వీధి వెడల్పు చేస్తామని వాళ్ళు గడ్డపారలు పట్టుకొచ్చేదాకా ఆగుతావా?”

చూడకపోవడమేమిటి. బయట గోడ మీద ఆ ఎర్రగుర్తు పడ్డప్పట్నుంచీ సూదమ్మకి కంటి మీద కునుకు లేదు. కింది వాటా వాళ్ళు వెళ్ళిపోయారు, పక్క వాటా వాళ్ళు వెళ్ళిపోయారు. మొత్తం మేడలో మిగిలింది ఈ ముగ్గురే: కోత కోసే మాస్టారు, ఆ కోతని కుట్టే సూదమ్మ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బుల్లి. సూదమ్మ అన్నది పెట్టిన పేరు కాదు. సూదికీ నాలుకకీ తేడా లేదని వీధి మొత్తం కలిసి ఇచ్చిన బిరుదు.

ఈ ఊళ్ళో ఇంకో కొట్టు దొరుకుతుందని ఎవరికీ భ్రమల్లేవు. ఇది ఊరనిపించుకోవడం కూడా దండగే. రేవుకీ కోటకీ నడిమధ్య బస్సు ఆగి, జనం కాళ్ళు చాపుకునే చోటు. ఇక్కడ పుట్టినవాళ్ళు ఎప్పటికో ఒకప్పటికి తూర్పుకి పోయి రేవు వాళ్ళన్నా అవ్వాలి, పడమటికి పోయి కోట వాళ్ళన్నా అవ్వాలి.

ఆ రెండు ఊళ్ళకీ ఉన్న వైరం కుక్కలకీ పిల్లులకీ కూడా ఉండదు. ఒకే రాష్ట్రం, ఒకే భాష, అయినా పెద్దాసుపత్రి రేవుకి పోయిందని కోట వాళ్ళు ఏడుస్తారు, విశ్వవిద్యాలయం కోటకి పోయిందని రేవు వాళ్ళు ఏడుస్తారు. కోట వాళ్ళు టైము తప్పరు కానీ మాట తప్పుతారని రేవులో అంటారు. రేవు వాళ్ళు మాట తప్పరు, ఎందుకంటే టైముకి వస్తే కదా మాట ఇవ్వడానికి, అని కోటలో అంటారు. రెండు ఊళ్ళ బంతాట జట్లూ తలపడ్డ రోజున ఈ ఇంట్లో రేడియో కూడా పెట్టేవాళ్ళు కాదు. మాస్టారి సొంతూరు రేవు. సూదమ్మది కోట.

“మీ తమ్ముడేడి?” అంది సూదమ్మ.

“కింద తాళ్ళు చూస్తున్నాడు.”

“తాళ్ళు చూడ్డానికి అంతసేపా? పిలవండి. నాతో చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆయన్నే చెప్పమనండి.”

“వాడు చెప్పలేకే కదమ్మా నన్ను పిలిచింది!”

ఆడపడుచు అనేసింది. అన్నాక నాలిక్కరుచుకుంది. ఆవిడ వస్తూ వస్తూ దారిలో దిగానని నిన్న చెప్పింది. మొగుడే పిలిపించాడని సూదమ్మకి ఇవాళ తెలిసింది.

ఇంక అక్కడ కూచుంటే నోటికి ఏం వస్తుందో తనకే తెలియక, సూదమ్మ బల్ల దిగి వెనకగదిలోకి పోయింది. ఆ గది ఆవిడ రాజ్యం. మిషను, దారపు ఉండలు, ఇస్త్రీపెట్టె, గోడకి ఒక చిన్న కిటికీ. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ. ముందుగది మొగుడిది. వచ్చినవాళ్ళని పలకరించడం, కొలతలు తీసుకోవడం, గుడ్డ తడిమి బాగుందనో లేదనో అనడం, అవన్నీ అక్కడ. కొట్టు బోర్డు మీద ఇంత పెద్ద కత్తెర బొమ్మ. సూది బొమ్మ వేయించమని ఆవిడ ఒకసారి అడిగింది. అంత సన్నటిది దూరానికి ఆనదన్నాడు.

మనసు బాగా లేనప్పుడు ఆవిడకి తెలిసిన మందు ఒక్కటే, మిషను తొక్కడం. డాక్టరుగారి కోటు ముక్కలు తీసింది. నల్లటి గుడ్డ, మంచి బరువైనది. భుజం ముక్కా చేతి ముక్కా పక్కపక్కన పెట్టి, అంచుని వేళ్ళ మధ్య పట్టుకుంది.

పట్టుకుని ఆగిపోయింది.

మాస్టారు ఆవిడ కోసం కోసే కోత ఎలా ఉంటుందో ఆవిడకి కళ్ళు మూసుకున్నా తెలుసు. కుట్టుకోసం అంచున గోరంత గుడ్డ వదులుతాడు. అంతకన్నా వదిలితే ఆవిడ కోప్పడుతుంది, లోపల ముద్దగా తయారై మెడ దగ్గర నిలవదని. గుర్తులు అసలు పెట్టడు. ఏ ముక్క దేనికి అతుక్కోవాలో, ఎక్కడ ఒక ఇసుమంత లాగాలో ఆవిడ చేతికే తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ పోట్లాడుకుని పోట్లాడుకుని ఆ గోరంతకి వచ్చారు. పరాయివాళ్ళెవరైనా ఆ కోతని కుడితే ఒక్కరోజులో చిరిగి ఊరుకుంటుంది.

ఈ ముక్కలకి బొటనవేలంత వదిలి ఉంది. చంక దగ్గర గుర్తుకి రెండు గాట్లు, భుజం దగ్గర ఒకటి. ఇది ముక్కూ మొహం తెలియనివాళ్ళు కుట్టడానికి కోసిన కోత.

మొదట పొరపాటనుకుంది. ఇంకో ముక్క తీసింది. అదీ అంతే. వీపు, జేబు పట్టీ, కాలరు, అన్నిటికీ బొటనవేలంత. చెయ్యి ఒక్కరోజులో పాత అలవాటు వదలదు. వారాల తరబడి వేరే వాళ్ళకి కోస్తూ కోస్తూ పోతేనే, తన భార్య కుట్టే కోటుక్కూడా తెలియకుండా ఇలా పడుతుంది.

సాయంత్రాలు గుడ్డల కొట్టువాళ్ళకి మిగులు గుడ్డ తిరిగిచ్చొస్తానని మాస్టారు మూటలు మూటలుగా పట్టుకెళ్ళిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అంత మిగులు ఎక్కణ్ణుంచి వస్తోందని ఆవిడ ఒక్కసారైనా అడగలేదు. నమ్మకం మరి.

ముక్కలన్నీ చేతిలో వేసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి మాస్టారు పైకొచ్చి ఉన్నాడు. గోడకి ఆనుకుని, మెడలో టేపు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆయనకి ఆ టేపే ఆధారం. బుల్లి కిటికీ గట్టు మీద కూచుని గోళ్ళు కొరుక్కుంటోంది.

“ఏమండీ, ఈ కోటు ఎవరు కుట్టాలని కోశారు?”

“అదేం ప్రశ్న? నువ్వే.”

“నేనా?” ముక్క ఎత్తి ఆయన మొహం ముందు పట్టింది. “చూడండి. బాగా చూడండి. ఇది నాకు కోసిన కోతేనా?”

మాస్టారు చూశాడు. ఆ చూపులోనే ఆయనకి అర్థమైపోయింది. మొహంలో రంగు మారింది. పాపం ఆయనకి కూడా అప్పటిదాకా తెలియదు, తన చెయ్యి తనని పట్టించేసిందని.

“ఎన్నాళ్ళ నుంచి?” అంది సూదమ్మ.

ఆయన అక్కగారి వైపు చూశాడు.

“మిమ్మల్నే! రేవు కార్ఖానాకి ఎన్నాళ్ళ నుంచి కోస్తున్నారు? ఆ మూటలన్నీ బస్సెక్కించి పంపారు కదూ? ఇంట్లో నేను పిచ్చిదాన్లా, ఎటెళ్దామండీ, ఎటెళ్దామండీ అని అడుగుతుంటే, చూద్దాంలే చూద్దాంలే అంటూ...”

“ఏంటి తల్లీ ఆ గుడ్డముక్కల గోల?” అంది ఆడపడుచు.

“మీకర్థం కాదు వదినా. మీ కార్ఖానాలో ఎవడు కోశాడో ఎవరు కుట్టారో ఎవరికీ తెలియదు. ఇక్కడ తెలుస్తుంది.”

“తెలిస్తే మంచిదే. దాచాల్సిన ఖర్మ మాకేం లేదు. అవును, కోస్తున్నాడు. మా ఆయనకి పని నచ్చింది. కోత గది మొత్తానికి వీడే పెద్ద. కింద పదిమంది ఉంటారు. మర్యాద, గౌరవం...”

“మరి నేను?”

“నువ్వేంటి?”

“నేనక్కడ ఏం చేస్తాను?”

“ఏం చెయ్యక్కర్లేదు. అక్కడ కుట్టేవాళ్ళకి కొదవా? వరసలు వరసలుగా మిషన్లు. నీకు కళ్ళు కూడా లాగుతున్నాయంటున్నావుగా, హాయిగా ఇంటిపట్టున కూచో.”

హాయిగా ఇంటిపట్టున. ఈ మాట అన్నందుకు ఇంకెవరైనా అయితే సూదమ్మ నాలుగు వాయించేది. కానీ ఆవిడ ఆడపడుచుని చూడ్డం లేదు, మొగుణ్ణి చూస్తోంది. ఆయన ఆ మాటకి అడ్డం వస్తాడేమోనని. ఆవిడ లేకపోతే తన కోత ఎందుకూ పనికిరాదని ఒక్క ముక్క అంటాడేమోనని.

ఆయన అన్న ముక్క వేరే.

“కోత నీదేనని చెప్పావు కదా కోటలో.”

సూదమ్మ చేతిలో ముక్కలు జారాయి.

“ఏంటి నాన్నా?” అంది బుల్లి.

“మీ అమ్మ మేనమామని చూసి రావడానికని కోట వెళ్ళింది గుర్తుందా? నడుం పట్టేసిందన్నారు. ఏ నడుమూ పట్టలేదు. నాటకశాల వాళ్ళ దగ్గర పరీక్షకెళ్ళింది. నేను కోసిన కోటు ముక్కలు పట్టుకెళ్ళి, వాళ్ళ కళ్ళముందు కుట్టి చూపించింది. కోత ఎవరిదమ్మా అని ఆ దుస్తుల గది పెద్దావిడ అడిగితే...” ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. “నాదే అంది.”

“ఎవరు చెప్పారు మీకు?”

“ఆవిడే ఫోను చేసి చెప్పింది. మీ ఆవిడ చేతిలో కుట్టుతోపాటు కోత కూడా ఉందండీ, అలాంటి కోత మా దగ్గర ఎవరూ కొయ్యలేరండీ, ఎప్పుడు పంపిస్తారు అని అడిగింది. నాకు! నా కోత గురించి నాకే చెప్పింది! నేను, ఆహా అలాగేనండీ, సంతోషమండీ అని ఫోను పెట్టేశాను. ఆ మర్నాటి నుంచే రేవుకి కొయ్యడం మొదలుపెట్టాను. ఇప్పుడు అడుగు, ఎన్నాళ్ళ నుంచని.”

ఎంత తక్కువ మాట్లాడే మనిషికైనా ఒకరోజు వస్తుంది. మాస్టారు సంవత్సరం మాటలన్నీ ఒక్క గుక్కలో ఖర్చుపెట్టేసి, మళ్ళీ టేపు పట్టుకున్నాడు.

ఆడపడుచు రెండు చేతులూ బుగ్గన పెట్టుకుంది. “అమ్మమ్మమ్మమ్మా! ఇంత పని చేశావా? మొగుడి విద్యని దొంగిలించి...”

“మీరు నోరు మూసుకోండి వదినా.”

“ఏమన్నావ్?”

“నోరు మూసుకోమన్నాను. ఇది మా ఇద్దరి పని.” సూదమ్మ మొగుడి దగ్గరికి నడిచింది. ఆవిడకి సిగ్గుగా ఉంది. ఆ సిగ్గే కోపంగా మారి నాలుకెక్కుతోంది. “అవును, అన్నాను. నాదే అన్నాను. మా ఆయన కోత అని చెబితే ఏమంటారో తెలుసా? అయితే మాస్టారినే పంపించమ్మా, నువ్వెందుకు శ్రమ అంటారు. ఈ కొట్లో కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్న ప్రతివాడూ, భలే కోశారు మాస్టారూ అనే కదా అన్నాడు? భలే కుట్టారమ్మా అని ఆ వెనకగది గుమ్మంలోకి ఒక్కడైనా తొంగి చూశాడా? మీరన్నా చెప్పారా, కుట్టింది మా ఆవిడ అని?”

“నాతో ఒక్కమాట చెప్పి వెళ్ళాల్సింది.”

“చెబితే వెళ్ళనిచ్చేవారా?”

ఆయన టేపు కొస వేలికి చుట్టుకున్నాడు.

“మిమ్మల్ని వదిలి పోవాలనుకోలేదండీ. అక్కడ ముందు నేను చేరాక, మెల్లిగా మిమ్మల్ని కూడా తీసుకోమందామనుకున్నాను. మీరు కోస్తే నేను...”

“వెనకగదిలో కూచుని కొయ్యమంటావు. నీ పేరు మీద.”

“ఇన్నేళ్ళూ నేను వెనకగదిలో కూచునే కదండీ కుట్టింది! మీ పేరు మీద!”

కింద లారీ మనుషులు టీ తాగి వచ్చినట్టున్నారు, ఎవడో ఇంజను మీద దరువేస్తూ ఈల వేస్తున్నాడు. బుల్లి కిటికీ గట్టు దిగి, నేల మీద పడ్డ కోటు ముక్కలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ అంతే. ఇంట్లో గొంతులు లేస్తే ఏదో ఒకటి ఏరుతుంది.

“చాల్లే, ఎవరు ఎవర్ని మోసం చేశారన్న లెక్కలు తేలేవి కావు,” అంది ఆడపడుచు. ఇందాకటి దెబ్బకి ఆవిడ గొంతు ఇంకా వెచ్చగానే ఉంది. “తప్పు ఇద్దరిదీ ఉందనుకో. ఇప్పుడు పిల్ల సంగతి చూడండి. దాని చదువు, దాని బతుకు. ఎటెళ్ళాలో దాన్నే అడగండి.”

సూదమ్మకి ప్రాణం లేచొచ్చింది. బుల్లికి కోట విశ్వవిద్యాలయమంటే చచ్చేంత ఇష్టమని ఆవిడకి తెలుసు. గుమ్మం దాటిన ప్రతి దరఖాస్తు కోటకే పోయింది. ఇంత తెలివైన ఆడపడుచు ఇలా కోరి ఓడిపోతుందేమిటా అని కొంచెం అనుమానం వచ్చింది కానీ, వచ్చిన అవకాశాన్ని వదులుకునే మనిషి కాదు.

“సరే. బుల్లి ఎటంటే అటే. మళ్ళీ మాట మారిస్తే ఊరుకోను. ఏమండీ?”

మాస్టారు తలూపాడు.

“బుల్లీ, చెప్పవే. భయపడకు.”

బుల్లి ముక్కల్ని బల్ల మీద పెట్టి, అంచులు సరిచేస్తోంది. తలెత్తలేదు.

“చెప్పు తల్లీ,” అంది ఆడపడుచు. ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు మొహం వెలిగింది. ఇంకాస్త తీపి కలిపితే పోయేదేముందనుకుందో ఏమో. “మర్చేపోయాను, నీ గదికి రంగు వేసేశారే! నువ్వడిగిన నీలమే. ముదురు నీలం వద్దు అత్తయ్యా, పలచగా ఉండాలన్నావు చూడు, అచ్చం అలాగే...”

ఆవిడ గొంతు దానంతటదే సన్నబడి ఆగిపోయింది.

సూదమ్మ బుల్లి వైపు తిరిగింది. “ఏ గది?”

బుల్లి చేతులు ఆగిపోయాయి.

“ఏ గదే? ఎప్పుడడిగావు రంగు?”

“అమ్మా, అది...”

“నీకు తెలుసా? మీ నాన్న రేవుకి కోస్తున్నాడని నీకు తెలుసా?”

“తెలుసు.” చాలా మెల్లిగా అంది. “మూటలు కట్టడానికి నేనే సాయం చేసేదాన్ని.”

మొగుడు మోసం చేశాడని తెలిసినప్పుడు సూదమ్మ అరవగలిగింది. ఇప్పుడు అరుపు రాలేదు. బల్ల అంచు పట్టుకుంది. ఈ మాట కూతురు కాక ఇంకెవరన్నా ఆవిడ నమ్మేది కాదు.

“విశ్వవిద్యాలయం?” అంది.

“అది నీకిష్టమమ్మా.”

“నాకా? నువ్వే కదే...”

“నువ్వు దరఖాస్తులు తెచ్చావు, నేను రాశాను. కోటలో ఇలా ఉంటుంది, కోటలో అలా ఉంటుంది, మన కోట వాళ్ళు ఇలా అంటారు. రోజూ చెప్పావు. ఒక్కసారి కూడా, నీకెక్కడ ఉండాలనుందే అని అడగలేదు.” బుల్లి కళ్ళనిండా నీళ్ళు, కానీ మాట మాత్రం తల్లి మాటే, సూటిగా దిగుతోంది. “నాన్న అడిగాడు. మూటలు కడుతూ అడిగాడు. నాకు సముద్రం ఎదురుగా ఉండే గది కావాలన్నాను.”

“విన్నావుగా,” అంది ఆడపడుచు, గెలిచిన గొంతుతో. “పిల్ల నోటితోనే విన్నావుగా. ఇంక మేమేం కల్పించలేదు.” కిటికీలోంచి తల బయటికి పెట్టి కేకేసింది. “ఏమయ్యో! పైకి రండి! బల్ల దించాలి!”

“అత్తయ్యా, ఆగు!” బుల్లి గట్టిగా అరిచింది. ఆ పిల్ల అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. “అమ్మ సంగతేంటి?”

“మీ అమ్మకేం, రావచ్చు. ఎవరొద్దన్నారు?”

“నువ్వు కాదు. నాన్న చెప్పాలి.” తండ్రి చెయ్యి పట్టుకుని కుదిపింది. “నాన్నా, అమ్మని పిలువు. అమ్మకి నాటకశాల ఉంది, ఊరికే రాదు. నువ్వు పిలిస్తే వస్తుంది. ఒక్కసారి పిలువు.”

అయ్యో రాత, అనుకుంది సూదమ్మ. నాటకశాల పెద్దావిడ మెప్పు, తన పేరు మీద రాబోయే పని, ఇన్నేళ్ళకి దొరికిన ఒక్కగానొక్క ముందుగది, అన్నీ అలాగే ఉన్నాయి. అయినా ఆయన రమ్మంటే వెళ్ళిపోయేలా ఉంది తను. ఆ ఉప్పుగాలి ఊరికి, ఆ ఆడపడుచు పక్కవీధికి, వరసలు వరసలుగా మిషన్లున్న చోటికి. రా అంటే చాలు. నువ్వు లేకపోతే నా చెయ్యి ఆడదే అని అనక్కర్లేదు. ఉత్తి రా.

తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెవి ఒగ్గింది.

మాస్టారు నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు. ఆ చూపులో ఏదో ఉంది, కానీ నాటకశాల ఫోను కూడా ఉంది. నాదే అన్న మాట కూడా ఉంది. కళ్ళు అక్కడ నిలవలేదు. అక్కగారి మీదికి పోయాయి. ఆవిడ భుజాలెగరేసింది. నీ ఇష్టం అన్నట్టు.

మాస్టారు కూతురి వైపు తిరిగాడు.

“వస్తే రమ్మను,” అన్నాడు.

మూడడుగుల దూరంలో నిలబడ్డ మనిషి గురించి, వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకి కబురు పంపినట్టు.

బుల్లి ఆయన చెయ్యి వదిలేసింది.

సూదమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. కొడితే బాగుండేది, తిరిగి కొట్టేది. తల బిరుసుగా ఎత్తింది. కంట్లో ఉన్నది కిందికి జారకుండా కిటికీ అవతలికి చూసింది. ఇంక ఈ మనిషితో నేరుగా మాట్లాడితే తన నోరు కుళ్ళిపోవాలనుకుంది.

“ఇన్నేళ్ళ కాపురానికి అదా పిలుపు?” అంది ఎవరితోనో. “వస్తే రావాలా? రాకపోతే లేదా? నేను లారీలో మిగిలిన చోటులో పట్టే సామాన్ననుకున్నారా?”

“అలా అన్నానా నేను!” మాస్టారు కూడా గొంతు పెంచాడు. “ఒకమాటకి నాలుగు మాటలు అతికించడం నీకు మొదట్నుంచీ...”

“అతకడమే కదా నా బతుకు!”

“అదిగో, మళ్ళీ!”

“ఒరేయ్ తమ్ముడూ, దానితో నీకెందుకురా వాదన? వస్తుందో రాదో అదే చెబుతుంది,” అంది ఆడపడుచు.

“మీరు మా మధ్యకి రాకండి!”

“నేను రాకపోతే మీరిద్దరూ ఈ గోడ కింద పడి చచ్చేవాళ్ళు!”

ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. పైకొచ్చిన లారీ మనుషులు గుమ్మం దగ్గరే ఆగి, ఒక్కక్షణం విని, పక్కకి తప్పుకుని ఎవరికో దారిచ్చి, వాళ్ళూ వెనక్కి తగ్గారు.

చివరికి సూదమ్మే బల్ల మీద అరచేత్తో గట్టిగా చరిచింది.

“రానని చెప్పవే మీ నాన్నకి,” అంది మొగుణ్ణే చూస్తూ. “నేను కోటకి పోతున్నాను. ఒక్కదాన్నే పోతున్నాను. చెప్పు.”

జవాబు లేదు.

“బుల్లీ, నిన్నే. చెప్పు!”

వెనక్కి తిరిగి చూసింది. కిటికీ గట్టు మీద లేదు. బల్ల దగ్గర లేదు. వెనకగదిలోకి తొంగి చూసింది, మిషను ఒక్కటే ఉంది. మాస్టారు కూడా చూశాడు. గుమ్మం పక్కన ఆ పిల్ల చెప్పులు లేవు.

“ఇందాక అమ్మాయిగారు కిందికి దిగారండీ,” అన్నాడు లావుపాటాయన, తప్పు తనదే అయినట్టు. “ఏడుస్తున్నట్టున్నారు. ఎటెళ్ళారో మేం చూళ్ళేదు.”